సింహద్వారం వెనక మిరపకాయలు

పిడుగురాళ్లలో హైవే దిగి సున్నం బట్టీల వైపు మలుపు తిరిగేచోట లక్ష్మీతిరుపతమ్మ టిఫిన్ కొట్టు ఉంటుంది. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక లారీ డ్రైవర్లకు లేదు కాబట్టి అందరికీ ఆమె తిరపతమ్మక్క. కొట్టు వెనక రేకుల పంచలో నవారు మంచం మీద ఎప్పుడు చూసినా ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు. ఆయన దానయ్య, ఆమె తండ్రి. వయసు ఎనభైకి దగ్గర పడింది. దగ్గు మాత్రం వయసు కంటే చాలా ముందే వచ్చింది.

ఆ దగ్గులో మూడు రకాల దుమ్ము ఉంది. పుట్టిన ఊరు దుర్గిలో తండ్రి దగ్గర ఉలి పట్టినప్పటి రాతిపొడి, మద్రాసు స్టూడియోలో ప్లాస్టరు పొడి, తిరిగొచ్చాక ఇక్కడి బట్టీల్లో సున్నం పొడి. ఎక్స్‌రే చూసిన డాక్టరు ఏం పని చేసేవాడివి తాతా అని అడిగితే దానయ్యకు ఏది చెప్పాలో తోచలేదు. కష్టం చేసినవాడి చరిత్ర ఈ దేశంలో ఎక్కడా రాసి ఉండదు. ఊపిరితిత్తుల్లో మాత్రం ఉంటుంది, అదీ ఫిల్ము కడిగి వెలుతురుకు పెట్టి చూస్తేనే.

తిరపతమ్మ చిన్నప్పటి నుంచీ విన్న కథ ఒకటి ఉంది. మద్రాసులో నాయన ఒక సింహద్వారం చేశాడు. పెద్ద కోటకు ఉండేలాంటిది. దాని ముందువైపే కాదు, వెనకవైపు కూడా చేశాడు. కెమెరా దాని చుట్టూ తిరిగింది. ఏ సినిమా నాయనా అని అడిగితే, తెలవదమ్మా అనేవాడు. ఆ 'తెలవదు' దగ్గరే ఆమెకు ఆ కథ మీద నమ్మకం పోయింది. ఎవరి పెళ్లికి వంట చేశాడో తెలియని వంటవాడు ఉంటాడా? అడవిలో పులి ఎదురొచ్చిందని చెప్పే నాయనలు కొందరికి ఉంటారు, మన నాయనకు సింహద్వారం వచ్చింది అనుకుని ఊరుకుంది. నలభై దాటినా ఆ కథ మళ్లీ కదపాలని ఆమెకు అనిపించలేదు.

కదపాల్సిన పని పోయిన ఎండాకాలంలో పడింది.

దుర్గిలో శిల్పుల సంఘం వాళ్లు రోడ్డు పక్కన కొత్త షెడ్డు వేశారు. పిల్లలకు పని నేర్పడానికి. దాని ముందు ఒక నిలువెత్తు రాయి నాటి, ఆ ఊళ్లో ఉలి పట్టిన పెద్దల పేర్లు చెక్కించాలని తీర్మానం చేసుకున్నారు. సంఘం పెద్ద చిన్నకోటయ్య నరసరావుపేటలో పని చూసుకుని వస్తూ తిరపతమ్మ కొట్టు దగ్గర దిగి ఇడ్లీ తింటూ ఈ కబురు చెప్పాడు. అతను దానయ్యకు మేనత్త కొడుకు. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని దానయ్య తండ్రి గురవయ్య దగ్గర పని నేర్చారు. గురవయ్య పేరే రాయి మీద మొట్టమొదట ఉంటుందని చిన్నకోటయ్య చెప్పాడు.

పంచలోంచి దానయ్య అడిగాడు. "మా నాయన పేరు కింద నా పేరుంటదా బావా?"

చిన్నకోటయ్య ప్లేటు కింద పెట్టాడు. చెయ్యి కడుక్కోవడానికి లేచి, కడుక్కోకుండానే మళ్లీ కూర్చున్నాడు. సంఘంలో ఒక కట్టుబాటు పెట్టుకున్నామని, పేరు ఎక్కాలంటే ఆ మనిషి చేసిన పని ఒక్కటైనా ఎక్కడో ఒకచోట నిలబడి ఉండాలని, జనం వెళ్లి చూసేట్టు ఉండాలని చెప్పాడు. అది లేకపోతే ప్లాస్టరు వినాయకుళ్లను అచ్చు పోసే ప్రతివాడూ వచ్చి నా పేరూ చెక్కండంటాడని కుర్రాళ్లు గొడవ చేస్తున్నారట.

"నువ్వు చేసింది ఒకటి చూపియ్యి బావా. ఇంత ముక్కయినా సరే. మిగతాది నేను చూసుకుంటా."

"అన్నీ పగలగొట్టారు గదరా," అన్నాడు దానయ్య. అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. తండ్రి బట్టీ మేస్త్రులను బతిమాలడం, ఆసుపత్రిలో చీటీ కోసం నిలబడటం తిరపతమ్మ చూసింది. తన కోసం ఒక పేరు అడగడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అడిగినది ఆస్తి కాదు, పింఛను కాదు. రాయి మీద తండ్రి పేరు కింద ఒక వరస. అంత చిన్నది అడిగినందుకు లేదనిపించుకున్నాడు. ఆమెకు కోపం వచ్చింది. కోపం కాస్త చల్లారాక, అసలు ఆ ద్వారం నిజంగా ఉందా అని కుతూహలం పట్టుకుంది.

మధ్యాహ్నం లారీలు పల్చబడ్డాక ఉల్లిపాయలు తరుగుతూ ఆమె ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. ఏ సినిమాకో తెలియకుండా ఎట్టా పని చేశావు నాయనా?

దానయ్య చెప్పిందాన్ని బట్టి అదొక ఫ్యాక్టరీ. వడపళని వైపు పెద్ద గోడ, గోడకు గేటు, గేటు దగ్గర గుర్ఖా. పొద్దున్నే సైరను మోగేది. లోపల వడ్రంగం వాళ్ల షెడ్డు ఒకటి, రంగుల వాళ్లది ఒకటి, దర్జీలది ఒకటి, అచ్చుల వాళ్లది ఒకటి. వాయిద్యాల వాళ్లకు ఒక హాలు. అందరికీ నెల జీతాలే. డాన్సు చేసే ఆడపిల్లలకు, కథ రాసే ఆయనకు, డైరెక్టరుకు, ఒక్కోసారి వేషాలు వేసేవాళ్లకు కూడా కంపెనీతో కాగితం ఉండేది, నెల తిరిగితే జీతం వచ్చేది. ఆర్టు సెక్షను నుంచి అచ్చుల షెడ్డుకు ఒక బొమ్మ గీసిన కాగితం వచ్చేది. దాని మీద నంబరు ఉండేది తప్ప సినిమా పేరు ఉండేది కాదు. స్తంభం, నంబరు. ఏనుగు తల, నంబరు. బంకమట్టితో ముందు బొమ్మ చేసి, దాని మీద అచ్చు తీసి, కొబ్బరి పీచు కలిపిన ప్లాస్టరు పోసి, ఆరాక సినిమా తీసే ఫ్లోరుకు పంపేవాళ్లు. అక్కడ అది ఎవరి కోటో, ఎవరి గుడో షెడ్డులో వాళ్లకు తెలిసేది కాదు.

"తెలుసుకోవాలని ఉండేది కాదా?"

"ఉండేది. ఫ్లోరు మీదికి మమ్మల్ని రానియ్యరుగా. పిలిస్తే పోవాల."

ఇంకో సంగతి విని తిరపతమ్మ కత్తిపీట ఆపేసింది. ఒక సినిమాకు రాజదర్బారు వేస్తే దాన్ని వెంటనే పీకేవాళ్లు కాదట. దర్బారు ఎలాగూ నిలబడి ఉంది, జీతాలు ఎలాగూ నడుస్తున్నాయి, కాబట్టి ఇంకో రాజు కథ రాయమని పైనుంచి కబురు వచ్చేదట. ఆ కథ రాసే ఆయన అచ్చుల షెడ్డుకు వచ్చి, ఏమయ్యా, గోడౌనులో ఇంకా ఏమేం ఉన్నాయి, నాగుపాము పడగ ఉందా, అని అడిగి వెళ్లేవాడట. పడగ ఉంటే కథలో నాగలోకం వచ్చేది. మనం థియేటర్లో నోరు తెరుచుకుని చూసిన లోకాలన్నీ ఏ మహానుభావుడి కలలోనో పుట్టాయని అనుకుంటాం. కొన్నయినా గోడౌనులో మిగిలిన సామాను చూసి పుట్టాయి.

"మరి నీ ద్వారం సంగతేంది?"

అది చెప్పాలంటే దుర్గి నుంచి చెప్పాలన్నాడు దానయ్య. గురవయ్య దగ్గర ఒక పద్ధతి ఉండేది. విగ్రహాన్ని గోడకు ఆనించి ప్రతిష్ఠ చేసేదైనా సరే, దాని వీపు కూడా ముఖం చేసినంత శ్రద్ధగా చెయ్యాలి. వీపు మోటుగా వదిలేసిన బొమ్మను ఆయన గడప దాటనిచ్చేవాడు కాదు. కొనుక్కునేవాళ్లు చూడరు గదా అంటే, ప్రదక్షిణం చేసేవాళ్లు చూస్తారు అనేవాడు. గర్భగుడిలో ప్రదక్షిణం ఎవరు చేస్తారు అంటే ఉలి పిడితో మొట్టేవాడు. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఆ మొట్టికాయలు తిని పని నేర్చిన చేతులు దానయ్యవి.

స్టూడియోలో అచ్చుల షెడ్డు పెద్ద మాణిక్యం మేస్త్రి. అరవం ఆయన. దానయ్య చేరిన కొత్తల్లో మేస్త్రి తన కూతురి పెళ్లికి కంచి పోతూ, ఒక ద్వారం పని దానయ్యకు అప్పజెప్పి పోయాడు. కాగితం మీద ముందువైపు గీత ఉంది. రెండు స్తంభాలు, పైన అడ్డదూలం, సింహం తలలు. వెనకవైపు ఏమీ గియ్యలేదు. స్టూడియోలో ఎవరిని అడిగినా చెప్పేవాళ్లు, వెనకవైపు ఉండదు కాబట్టి గియ్యలేదని. సెట్టు అంటే ముందు రాజభవనం, వెనక గోనెపట్టా, సర్వీ కర్రలు, మేకులు. దానయ్య ఎవరినీ అడగలేదు. గియ్యడం మరిచిపోయారనుకున్నాడు. తనకు తోచింది వేసేశాడు. తీగ చుట్టుకుంటూ పైదాకా పోవాలి, అంతవరకు గురవయ్య నేర్పిన నడకే. తీగకు ఏం కాయించాలి? ఆ వారమే ఇంటి నుంచి వచ్చినవాళ్లెవరో కారం పొట్లం తెచ్చిచ్చారు. షెడ్డు మెస్సులో చారన్నం తిని తిని ఆయన నాలుక చచ్చిపోయి ఉంది. తీగకు మిరపకాయలు కాయించాడు. గుత్తులు గుత్తులుగా, కొన వంకర తిరిగి, అచ్చం మాచర్ల కల్లాల్లో ఆరబోసినట్టు.

తిరపతమ్మ నవ్వింది. "రాజుల కోటకి మిరపకాయలా? రాజులు అప్పుడు మిరపకాయలు తిన్నారా నాయనా?"

"ఏమో, నాకేం తెలుసు. మనం తింటన్నాంగా."

మాణిక్యం మేస్త్రి పెళ్లి నుంచి వచ్చి చూసి తలపట్టుకున్నాడు. కెమెరా చూడనిదాన్ని ఎందుకు చేశావురా, ప్లాస్టరంతా తగలేశావు, ఫ్లోరు వాళ్లు ద్వారం కోసం కాసుకుని కూర్చున్నారు అని వచ్చిన తెలుగులో తిట్టి, రాని చోట అరవంలో తిట్టాడు. చేసేది లేక ఉన్నదాన్ని ఉన్నట్టు ఫ్లోరు మీదికి మోయించాడు. దించుతుంటే సింహం పక్కన ఒక మూల విరిగింది. అతుకు వెయ్యడానికి దానయ్యను పిలిచారు. అందుకే ఆ రోజు ఆయన ఫ్లోరు మీద ఉన్నాడు.

అప్పుడు జరిగింది ఇది. డైరెక్టరు బీడీ కాల్చుకోవడానికి సెట్టు వెనక్కి పోయాడు. అందరూ అక్కడికే పోతారు, కర్రల మధ్య చీకటిగా ఉంటుంది కాబట్టి. పోయినవాడు బీడీ వెలిగించుకోకుండా తిరిగొచ్చాడు. కెమెరా ఆయన్ని పిలిచి వెనక్కి తీసుకుపోయాడు. ఇద్దరూ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచారు. తర్వాత కర్రలు పీకించారు, కెమెరా బండి నడవడానికి ఇనప పట్టాలు తెప్పించారు. అప్పటిదాకా అయితే హీరో ద్వారంలోకి వచ్చేదాకా ఒక ముక్క, లోపలికి వెళ్లాక వేరే సెట్టులో ఇంకో ముక్క తీసేవాళ్లు. ఆ రోజు హీరో ద్వారం కింద నుంచి నడిచొస్తుంటే కెమెరా పట్టాల మీద అతని పక్కనే జరుగుతూ, స్తంభాన్ని చుట్టి, ఎక్కడా ఆగకుండా వెనకవైపుకు వచ్చింది. అక్కడ మిరపకాయల పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది. పొద్దున తెలుగువాళ్లతో తీశారు, మధ్యాహ్నం మళ్లీ అదే తీశారు.

దానయ్యను ఎవరూ ఏమీ అనలేదు. మెచ్చుకోనూ లేదు. ద్వారం మాత్రం గోడౌనుకూ ఫ్లోరుకూ మధ్య చాలా ఏళ్లు తిరిగింది. ముందువైపు కోట, వెనకవైపు అడవిలో గుడి. ఒకే ఖర్చుతో రెండు ముఖాలు దొరికితే ఏ యజమాని వదులుకుంటాడు? చివరికి ఒక తుపానుకు గోడౌనులోకి నీళ్లొచ్చి ప్లాస్టరు ఉబ్బిపోతే పగలగొట్టి స్టూడియో రోడ్డు గుంటల్లో పోశారు.

ఆ తర్వాత స్టూడియో కూడా పోయింది. సినిమావాళ్లు నిజం ఇళ్లకు, నిజం పొలాలకు పోయి తియ్యడం మొదలుపెట్టారు. ఫ్లోర్లను రోజు బాడుగకు ఇచ్చారు. నెల జీతాలు ఆగిపోయాయి, పిలిచిన రోజే పని అన్నారు. షెడ్లలోని వాళ్లను ఒక్కో షెడ్డే మూసి పంపించేశారు. చంటిపిల్ల తిరపతమ్మను చంకనేసుకుని దానయ్య ఊరికి వస్తే, ప్లాస్టరుకు అలవాటుపడ్డ చేతులు రాతి మీద తేలిపోయాయి. దుర్గిలో ఎవరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. పిడుగురాళ్ల బట్టీలు మాత్రం ఎవరినైనా రమ్మంటాయి. ఆ స్టూడియో మంచిదా చెడ్డదా నాయనా అని తిరపతమ్మ అడిగింది. జ్వరమొస్తే కంపెనీ డాక్టరు ఉండేవాడు, బట్టీలో ఎవడున్నాడు అన్నాడు దానయ్య. మళ్లీ తనే, సైరను మోగాక వస్తే గుర్ఖా లోపలికి రానిచ్చేవాడు కాదు, అదీ ఉంది అన్నాడు.

పక్కనే బట్టల మిషను పెట్టుకున్న షాహిదా తిరపతమ్మకు తోడైంది. షాహిదాకు పాత సినిమాలంటే పిచ్చి, పాటలు పెట్టుకోకుండా కుట్టు నడవదు ఆమెకు. ఇద్దరూ తిరపతమ్మ ఫోనును చట్నీ డబ్బాకు ఆనించి, కత్తులు, కోటలు ఉన్న పాత సినిమాలన్నీ చూడసాగారు. కథ జోలికి పోలేదు. ద్వారం వచ్చినప్పుడల్లా ఆపేవాళ్లు. కోటలు అన్నీ ఒకేలా ఉన్నాయని, ఒకే రాజు కుర్చీలో నలుగురు రాజులు కూర్చున్నారని షాహిదా పట్టేసింది. టిఫిన్‌కు వచ్చిన డ్రైవర్లు కూడా ప్లేటు పట్టుకుని వెనక నిలబడి చూసేవాళ్లు. సింహాలు కనబడ్డాయి, ఏనుగులు, హంసలు కనబడ్డాయి. మిరపకాయ కనబడలేదు.

"మీ నాయన మనల్ని ఆడిస్తున్నాడేమో అక్కా," అంది షాహిదా ఒకరోజు సూదిలో దారం ఎక్కిస్తూ.

తిరపతమ్మకూ అదే అనుమానం ఉంది.

ముడి వీడింది తమిళనాడు నామక్కల్ నుంచి వచ్చే ఒక డ్రైవరు వల్ల. బట్టీల సున్నం లోడు కోసం నెలకోసారి వస్తాడు. దోసె తింటూ ఫోనులోకి చూసి, ఏంటక్కా ఇంత పాత పడం చూస్తున్నారు అన్నాడు, సినిమాను వాళ్లు అట్లాగే అంటారు. సంగతి విని, మద్రాసు స్టూడియో అంటున్నారు, మా భాషలో కూడా తీసి ఉంటారు గదా అన్నాడు. తిరపతమ్మ గరిటె పట్టుకునే పంచలోకి పోయింది.

"నాయనా, మధ్యాహ్నం మళ్లీ తీశారన్నావు. ఎవరితో తీశారు?"

"అరవం వాళ్లతో. ఆ కాలంలో రెండు భాషలకీ ఒకటే సెట్టు గదా. చెప్పలా?"

"చెప్పలా నువ్వు."

"అందరికీ తెలుసనుకున్నా."

తెలుగు సినిమా మిగల్లేదేమో, లేక ఫోనులోకి ఎవరూ ఎక్కించలేదేమో. నామక్కల్ డ్రైవరు మాత్రం ఈ పనిని లోడు కంటే గట్టిగా పట్టుకున్నాడు. అన్‌లోడింగ్ కోసం ఎక్కడ ఆగితే అక్కడి నుంచి ఒక అరవ సినిమా లింకు పంపేవాడు. మిట్టమధ్యాహ్నం ఒకరోజు పెనం మీద దోసె ఉంది, ఫోనులో ఒక కొత్త ముఖం హీరో కోటలోకి వస్తున్నాడు. రెండు స్తంభాలు, సింహం తలలు. ఇలాంటివి చాలా చూశాం అనుకుంది తిరపతమ్మ. కానీ బొమ్మ తెగలేదు. అతనితోపాటు నడిచింది. స్తంభం అంచు మెల్లగా తిరిగింది. తిరిగి, అవతలి వైపు వచ్చింది. ఒకమ్మాయి నిలబడి ఉంది. ఆమె చెవి పక్కన, చెంప పక్కన, తల మీద, నలుపు తెలుపుల్లో గుత్తులు గుత్తులుగా మిరపకాయలు.

"అక్కా, దోసె మాడుతోంది," అంది షాహిదా.

"మాడనీ," అంది తిరపతమ్మ.

దానయ్య కళ్లజోడు తుడుచుకుని చూశాడు. ఏడుస్తాడేమో అని ఇద్దరూ ఆయన ముఖమే చూస్తున్నారు. ఆయన ఫోను దగ్గరికి వంగి, ఎడమ పక్క మూల అతుకు తెలుస్తంది చూడు, తడి ఆరకుండానే రంగేశారు అన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ చూసి, అది తన ఒక్కడి పని కాదని చెప్పుకొచ్చాడు. చట్రం కట్టింది వడ్రంగం వాళ్లు, నిజం రాయిలాగా రంగేసింది ఒక తంజావూరాయన, సింహం జూలుకు కాగితం గుజ్జు రుబ్బింది, చింతగింజల జిగురు కాచింది ఆడవాళ్లు.

"ఆ ఆడవాళ్ల పేర్లేంది?"

దానయ్య కళ్లజోడు తీసి మంచం మీద పెట్టాడు. "ఏమోనే. జిగురు తెమ్మంటే తెచ్చేవాళ్లు. పేర్లు అడగలా."

సినిమా మొదట్లో అరవంలో వేసిన పేర్లను డ్రైవరు ఫోను చేసి చదివి వినిపించాడు. స్టూడియో యజమాని పేరు మూడుచోట్ల ఉంది. సెట్టింగులకు ఒకాయన పేరుంది. మాణిక్యం మేస్త్రి పేరు కూడా లేదు. పేరు లేని దానయ్యకు కూడా పేరు తెలియని మనుషులు ఇంకా కింద ఉన్నారు. తిరపతమ్మ ఆ సంగతి మనసులో పెట్టుకుని, తండ్రికి చెప్పకుండా కారంపూడి మీదుగా పోయే బస్సెక్కి దుర్గి వెళ్లింది.

షెడ్డు ముందు రాయి అప్పటికే నిలబెట్టి ఉంది. ముఖం నునుపు చేసి, గురవయ్య పేరు, మరో నాలుగు పేర్లు చెక్కారు. చిన్నకోటయ్య చెట్టుకింద బల్ల మీద కూర్చుని కుర్రాళ్లకు ఉలి పదును పెట్టడం చూపిస్తున్నాడు. ఆమె ఫోను ఆయన చేతికిచ్చింది. ముందువైపు చూసి ఆయన పెదవి విరిచాడు. సినిమావాళ్ల సింహాలు, కుక్కల్లా ఉన్నాయి అన్నాడు. కెమెరా చుట్టు తిరిగింది. చిన్నకోటయ్య ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టు అన్నాడు. తీగ మెలిక తిరిగేచోట వేలు పెట్టాడు.

"ఈ మెలిక మావయ్యది. తీగ కింద నుంచి పోయి పైకి లేస్తది. ఇంకెవరూ ఇట్టా తిప్పరు." తర్వాత మిరపకాయలు చూసి నవ్వాడు. "వీడికి తిండి ధ్యాసే."

"అయితే పేరు ఎక్కిస్తావా మామా?"

"ఇది నిలబడి లేదు గదే కోడలా. పగలగొట్టి రోడ్డులో పోశారంటివి."

"నువ్వు చేసిన నంది యాడుంది?"

"కొండమీద గుడిలో ఉంది."

"ఆ గుడికి ఏడాదికోసారి తాళం తీస్తారు. నీ నందిని ఎంతమంది చూశారు మామా? మా నాయన మిరపకాయల్ని నామక్కల్లో చూశారు, మా కొట్టుకాడ లారీవాళ్లు చూశారు, ఇప్పుడు నువ్వు చూశావు. ఇంకా చూస్తారు. పగలగొట్టినా చూస్తన్నారుగా. మీ కట్టుబాటులో జనం చూడాలని ఉందా, రాయిగా ఉండాలని ఉందా?"

కుర్రాళ్లలో ఒకడు అడ్డొచ్చాడు. రాయి పనికి పెట్టిన రాయి మీద ప్లాస్టరు పనివాడి పేరు ఎక్కితే రేపు అచ్చుల వాళ్లందరూ వస్తారన్నాడు. అతని భయం ఉత్తది కాదు. ఆ అచ్చు బొమ్మల దెబ్బకే దుర్గిలో సగం ఉలులు మూలపడ్డాయి. చిన్నకోటయ్యకు అది తెలుసు. ఆయన లేచి రాయి చుట్టూ నడిచాడు. ముఖం నునుపుగా ఉంది. వెనకవైపు గని నుంచి తెచ్చినప్పటిలాగే మోటుగా ఉంది. గురవయ్య బతికుంటే ఈ రాయిని గడప దాటనిచ్చేవాడు కాదు. ఆ మాట ఆయనకే తట్టిందో ఏమో, ఆ మోటు వీపు మీద అరచెయ్యి వేసి చూశాడు. సంఘం వాళ్లను పిలిచి మాట్లాడి, చివరికి తిరపతమ్మతో చెప్పాడు. ముందువైపు రాతివాళ్లకే. దానయ్య పేరు వెనకవైపు చెక్కుతారు, ఒప్పుకుంటే.

నాయనను అడిగి చెబుతానని ఆమె బస్సెక్కింది. బస్సులో వస్తున్నంతసేపూ ఒళ్లు మండిపోతూనే ఉంది. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే తండ్రికి మొత్తం చెప్పింది. చెప్పి, వెనకాల పడేస్తారంట నాయనా, పనివాళ్లను ఎప్పుడూ వెనకాలే పడేస్తారు, వద్దని చెప్పేస్తా అంది.

దానయ్య అంతా విన్నాడు. తిట్టలేదు, బాధపడలేదు. ఒకటే అడిగాడు.

"రాయి ఎటుకి తిరిగి ఉంది?"

"షెడ్డు వైపుకి. పిల్లలు పని నేర్చుకునేటప్పుడు ఎదురుగా కనబడాలని."

"అయితే వెనకవైపు ఎటుకి?"

తిరపతమ్మ కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంది. షెడ్డు, షెడ్డు ముందు రాయి, రాయి వెనక... "రోడ్డువైపుకి," అంది. అనేసి, అప్పుడు చెప్పులు విడిచింది.

దానయ్య నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు తగ్గి, మళ్లీ నవ్వు వచ్చింది. షాహిదా మిషను ఆపి ఏమైందోనని తొంగిచూసింది.

మర్నాటికి ఆయన కండువా వేసుకుని బస్సుకు సిద్ధమయ్యాడు. దుర్గిలో వెనకవైపు రాయి నునుపు చెయ్యడానికి ఆయన చేతులకు సత్తువ లేదు. చిన్నకోటయ్యే ఉలి పట్టాడు. పక్కన కుర్చీ వేయించుకుని దానయ్య, పేరు చుట్టూ చెక్కే మిరప తీగ ఎటు వంగాలో వేలితో గాలిలో చూపించాడు. సంఘం కుర్రాడు, ఆ రోజు అడ్డొచ్చినవాడే, మిరపకాయల కొనలు తిప్పాడు. బాగా తిప్పాడని దానయ్య ఒప్పుకున్నాడు. పేరు చెక్కేటప్పుడు తిరపతమ్మ ఒక పట్టు పట్టింది. దానయ్య పేరు కింద మాణిక్యం మేస్త్రి పేరుండాలి. దాని కింద ఒక వరస నునుపు చేసి ఖాళీగా వదలాలి.

"అదెందుకే?" అన్నాడు చిన్నకోటయ్య.

"జిగురు కాచినవాళ్లది. పేర్లు తెలిసినప్పుడు చెక్కుదురుగాని."

తెలిసేదెప్పుడో ఎవరికీ తెలియదు. నామక్కల్ డ్రైవరు మద్రాసు లోడు దొరికినప్పుడు వడపళని పోయి కనుక్కుంటానన్నాడు. ఆ షెడ్ల చోట ఇప్పుడు ఫ్లాట్లు ఉన్నాయని ఫోను చేశాడు. అడుగుతూనే ఉన్నాడు.

ఈమధ్య తిరపతమ్మ మాచర్ల బస్సులో పోతోంది. దుర్గి షెడ్డు దగ్గర బస్సు ఆగింది. కిటికీ పక్కన కూర్చున్నామె, చేతిలో మిరప నారు సంచి ఉంది, రాయివైపు చూసి అడిగింది.

"ఇదేందమ్మా, మిరపకాయల సంఘమా?"

"దిగి చూడు పిన్నీ," అంది తిరపతమ్మ. "దానికి అటుపక్క కూడా ఉంది."